యూరైల్ పాస్ కొంటే సీటు కూడా వస్తుందా? పారిస్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ దాకా మా ప్లాన్ చూసి చెప్పండి

కొండాపూర్_నాన్న
అందరికీ నమస్కారమండి. ఈసారి దసరా సెలవులకి యూరప్ అనుకుంటున్నాం. నేను, మా ఆవిడ, తొమ్మిదేళ్ల పాప, మా నాన్నగారు. ఆయనకి 67. పారిస్‌లో దిగి, ఇంటర్‌లాకెన్, వెనిస్, వియన్నా చూసుకుని ఫ్రాంక్‌ఫర్ట్‌లో హైదరాబాద్ విమానం ఎక్కాలి. మధ్యలో అన్నీ రైళ్లే. నాన్నగారికి ఎయిర్‌పోర్టు క్యూల్లో నిలబడటం కంటే కిటికీ పక్కన కూర్చోవడం సుఖం. సరదా కూడా.

తకరారు ఎక్కడొచ్చిందంటే, ట్రావెల్ ఏజెంటు "యూరైల్ పాస్ తీసుకోండి సార్, 33 దేశాల్లో ఏ రైలైనా ఎక్కేయొచ్చు" అంటాడు. ఆఫీసులో కొలీగేమో "పాస్ ఉన్నా సీటుకి మళ్లీ కట్టాలి, లేకపోతే ఫైన్ వేస్తారు" అంటాడు. ఇద్దరూ అంత ధీమాగా చెబుతుంటే ఎవరిని నమ్మాలో తెలియట్లేదు. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

స్టుట్‌గార్ట్_సీతమ్మ
ఇద్దరూ చెరిసగం చెప్పారండి. ఏ దేశంలో ఉన్నారన్నదాన్ని బట్టి ఉంటుంది.

జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్, బెల్జియం, నెదర్లాండ్స్‌లో చాలా రైళ్లకి పాస్ ఉంటే చాలు. వచ్చిన రైలెక్కి ఖాళీ సీటు చూసుకుని కూర్చోవడమే. సీటు కావాలనుకుంటే కట్టొచ్చు, కట్టకపోయినా ఎవరూ దింపరు. ఫ్రాన్స్‌లో టీజీవీ, ఇటలీలో ఫ్రెచ్చారోస్సా లాంటి వేగం రైళ్లు, స్పెయిన్‌లో ఆవే, లండన్ వెళ్లే యూరోస్టార్, దాదాపు అన్ని రాత్రి రైళ్లు మాత్రం అలా కాదు. వాటికి పాస్‌తో పాటు సీటు రిజర్వేషన్ ఉండి తీరాలి. దానికి రుసుము విడిగా. ఫ్రాన్స్ లోపల తిరిగే టీజీవీకి మనిషికి 10 లేదా 20 యూరోలు, ఇటలీలో పది పైచిలుకు, యూరోస్టార్‌కి 30 పైనే.

ఇంకో మెలిక ఉంది. టీజీవీల్లో, యూరోస్టార్‌లో పాస్ ఉన్నవాళ్లకని కొన్ని సీట్లే పక్కన పెడతారు. అవి అయిపోతే రైల్లో సగం సీట్లు ఖాళీగా ఉన్నా సరే, మీకు దొరకదు. పూర్తి టికెట్ కొనుక్కోవాలి, లేదా ఇంకో రైలు చూసుకోవాలి. ఏజెంటు చెప్పనిది ఇదే.

బెజవాడ_జంక్షన్
రైల్వేలో పనిచేసి రిటైరయినవాడిని, నాకు తోచినట్టు చెప్తా. మన దగ్గర మంత్లీ సీజన్ టికెట్ ఉన్నవాడు ప్యాసింజరెక్కి హాయిగా వెళ్లిపోతాడు. అదే కార్డు పట్టుకుని స్లీపర్ బోగీలో కూర్చుంటే టీటీఈ ఊరుకుంటాడా? అంతే సంగతి.

మనకి అలవాటైన వెయిటింగ్ లిస్టు, ఆర్‌ఏసీ అనేవి అక్కడ లేవు. సీటుంటే ఉంది, లేకపోతే లేదు. చార్టు తయారయ్యేదాకా ఆశపడే పనే లేదు.

ఓరుగల్లు_పోరడు
అన్నా, ఒక్క ముచ్చట. నేను ఆఖెన్‌ల ఎంఎస్ చేస్తున్న. ఇక్కడుండెటోళ్లకి యూరైల్ కాదు, ఇంటర్‌రైల్. పాస్‌పోర్టు ఏ దేశందన్నది కాదు, నివాసం ఏడుందో గదే లెక్క. నాది ఇండియా పాస్‌పోర్టే అయినా రెసిడెన్స్ పర్మిట్ జర్మనీది గనుక ఇంటర్‌రైలే కొనాలె. దాంట్ల సొంత దేశం దాటి బయటికి పోయేటందుకు ఒకసారి, తిరిగొచ్చేటందుకు ఒకసారే పనిచేస్తది. జర్మనీ లోపల తిరుగుడు గా పాస్ మీద కాదు.

మీరు హైదరాబాద్ నుంచి వస్తుండ్రు గనుక యూరైలే. రెండిట్లల్ల రైళ్లు, రిజర్వేషన్ నియమాలు ఒక్కతీరే ఉంటయి.

లెక్కల_మాస్టారు
పాస్ కొనే ముందు ఒక్కసారి కాగితం మీద లెక్క వేయండి సార్. మీకు ఊరు మారే ప్రయాణాలు నాలుగే: పారిస్–ఇంటర్‌లాకెన్, ఇంటర్‌లాకెన్–వెనిస్, వెనిస్–వియన్నా, వియన్నా–ఫ్రాంక్‌ఫర్ట్. నెలలో ఏవైనా నాలుగు రోజులు తిరిగే గ్లోబల్ పాస్ పెద్దవాళ్లకి రెండో తరగతిలో 280 యూరోల దరిదాపుల్లో ఉంటుంది. మీ నాన్నగారికి 60 దాటాయి కాబట్టి 10 శాతం తగ్గింపు. పాపకి సున్నా. ముగ్గురికీ కలిపి 800 యూరోల పైమాట, పైన రిజర్వేషన్లు.

అదే వియన్నా–ఫ్రాంక్‌ఫర్ట్, వెనిస్–వియన్నా టికెట్లు నెలల ముందు తగ్గింపు ధరలో పట్టుకుంటే ఒక్కోటి పాస్‌లో ఒక రోజు ఖరీదులో సగానికే రావచ్చు. ఆస్ట్రియా రైల్వే స్పార్‌షీనె, జర్మనీ స్పార్‌ప్రైస్ అన్న పేర్లతో అమ్మేవి చూడండి. నాలుగు ప్రయాణాలకి పాస్ గిట్టుబాటు కావడం కష్టమని నా అభిప్రాయం. ఇరవై ఏళ్ల కుర్రాళ్లు రోజుకో ఊరు తిరుగుతారు చూడండి, పాస్ వాళ్లకి.

లక్ష్మీపురం_అక్క
మాస్టారూ, మీ లెక్కలో వీసా లేదు.

షెంగెన్ వీసాకి, అంటే యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే ఒకే వీసాకి, ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేసుకోవచ్చు. అంతవరకు బాగానే ఉంది, మనకి అపాయింట్‌మెంట్ దొరకాలి కదా! పాస్‌పోర్టు చేతికి వచ్చేసరికి ప్రయాణం రెండు మూడు వారాల్లోకి వచ్చేస్తుంది. ఆ చౌక టికెట్లు ఫలానా రోజు ఫలానా రైలుకే. చాలావాటికి రద్దు లేదు, వాపసు లేదు. వీసా రాకపోతే డబ్బంతా పోయినట్టే. వీసా వచ్చాక కొందామంటే అప్పటికి చౌకవి అయిపోతాయి.

పాస్‌ని కొన్నాక 11 నెలల్లోపు ఎప్పుడైనా మొదలుపెట్టుకోవచ్చు. యాక్టివేట్ చేయకుండా ఉంచితే, కొంత కోత పెట్టుకుని మిగతాది వాపసు ఇస్తారు. పండగ తగ్గింపుల్లో కొన్న పాస్‌కి ఆ వెసులుబాటు ఉండదు. కొనేటప్పుడే ఆ వాక్యం వెతికి చదువుకోవాలి.

అమ్మానాన్నలతో తిరిగేవాళ్లకి ఇంకో సంగతి. పొద్దున లేచేసరికి నాన్నకి కాళ్లు పట్టేశాయి, పది గంటల రైలు బదులు ఒంటి గంట రైలెక్కుదాం అనుకుంటే పాస్‌తో కుదురుతుంది. చౌక టికెట్‌తో కుదరదు.

లెక్కల_మాస్టారు
వీసా విషయం ఒప్పుకుంటాను అక్కా. కానీ "ఒంటి గంట రైలెక్కుదాం" అన్నది జర్మనీ, ఆస్ట్రియా లాంటి చోట్లే. పారిస్‌లో కుదరదు, అక్కడ మళ్లీ రిజర్వేషన్.

లక్ష్మీపురం_అక్క
అందుకే పారిస్ ఒక్కటి ముందు తేల్చుకోవాలి. మిగతావి మెత్తగా సాగుతాయి.

కొండాపూర్_నాన్న
చాలా థాంక్సండి. వీసా కోణం మాకు అసలు తట్టలేదు. ఫ్రాన్స్ అపాయింట్‌మెంట్ ఇంకా దొరకలేదు కూడా. పాస్ వైపే మొగ్గుతున్నాం. ఒక్కో ప్రయాణం ఎలా చేయాలో చెప్పగలరా? పాపకి సున్నా అంటే సీటుకి కూడా సున్నానా?

స్టుట్‌గార్ట్_సీతమ్మ
పాపకి పాస్ ఉచితం. నాలుగు నుంచి 11 ఏళ్ల పిల్లలు, ఒక పెద్దమనిషికి ఇద్దరి చొప్పున ఉచితం. అయితే కొనేటప్పుడే ఆమె పేరు మీద కూడా పాస్ చేర్చాలి. రేటు దగ్గర సున్నా పడుతుంది. పెద్దవాళ్లవి కొనేసి, తర్వాత గుర్తొచ్చి వెతుక్కునే పని పెట్టుకోకండి. సీటు రిజర్వేషన్ మాత్రం పాపకీ పెద్దవాళ్లతో సమానంగా కట్టాలని లెక్క వేసుకోండి. జర్మనీ రైళ్లలో ఇదివరకు కుటుంబానికంతటికీ కలిపి ఒకే తక్కువ రుసుము ఉండేది, 2025 జూన్‌లో ఎత్తేశారు.

ఇక పారిస్–ఇంటర్‌లాకెన్. పారిస్ నుంచి బాసెల్, జ్యూరిక్ నేరుగా వెళ్లేది టీజీవీ లిరియా. గార్ ద ల్యోన్ స్టేషన్ నుంచి బయల్దేరుతుంది. దానికి పాస్ రిజర్వేషన్ ఫ్రాన్స్ లోపలి రేటు కంటే ఎక్కువ. సీట్లూ త్వరగా అయిపోతాయి. నలుగురికి కలిపి చూస్తే గట్టిగానే తగులుతుంది.

రెండో దారి: గార్ ద లెస్ట్ నుంచి స్ట్రాస్‌బర్గ్‌కి టీజీవీ. గంటా ముప్పావు చిల్లర. దేశం లోపలి రైలు కాబట్టి 10–20 యూరోల రుసుమే. స్ట్రాస్‌బర్గ్ నుంచి బాసెల్‌కి టెర్ అనే ప్రాంతీయ రైళ్లు తరచుగా ఉంటాయి. వాటికి రిజర్వేషన్ ఊసే లేదు. ఆ రైలు బాసెల్‌లో 30 దాటిన నంబర్ల ప్లాట్‌ఫాంల మీద ఆగుతుంది, అది స్టేషన్లో ఫ్రెంచి భాగం. అక్కణ్ణుంచి పాత కస్టమ్స్ దారిలో నడిచి అసలు స్టేషన్లోకి వస్తే, ఇంటర్‌లాకెన్ ఓస్ట్‌కి బెర్న్ మీదుగా నేరుగా రైలుంది, రెండు గంటలు. దానికీ రిజర్వేషన్ అక్కర్లేదు.

ఒకటే జాగ్రత్త. ఈ రెండు దార్లూ పారిస్‌లో వేర్వేరు స్టేషన్ల నుంచి మొదలవుతాయి. హోటల్ దగ్గర టాక్సీ ఎక్కి ఊరికే "స్టేషన్‌కి పోనీ" అంటే కుదరదు. టీజీవీ తలుపులు బయల్దేరే టైముకి రెండు నిమిషాల ముందే మూసేస్తారు.

కొండాపూర్_నాన్న
ఆ రిజర్వేషన్ ఎక్కడ చేయాలండి? పాస్ కొన్న చోటేనా?

స్టుట్‌గార్ట్_సీతమ్మ
యూరైల్ సైట్‌లోనే చేయొచ్చు, ఒక్కో రైలుకి మనిషికి రెండు యూరోల బుకింగ్ రుసుము అదనం. ఫ్రెంచి రైళ్లకి అదే తేలిక. జర్మనీ, ఆస్ట్రియా రైళ్లకి ఆయా రైల్వేల సైట్లలో టికెట్ లేకుండా "సీటు మాత్రమే" అని ఎంచుకుంటే ఆ రెండు యూరోలు మిగులుతాయి. ఇటలీ రైల్వే సైట్‌లోనూ పాస్ ఉన్నవాళ్లకి విడిగా ఒక ఆప్షన్ ఉంటుంది. ఏదీ కుదరకపోతే ఏ పెద్ద స్టేషన్‌కైనా వెళ్లి కౌంటర్‌లో అడగొచ్చు, క్యూకి మాత్రం ఓపిక ఉండాలి.

మీ తేదీల్లో ఒకటి చూసుకోండి. ఫ్రాన్స్‌లో స్కూళ్లకి అక్టోబరు మూడో వారం నుంచి రెండు వారాలు సెలవులు. అప్పుడు టీజీవీల్లో పాస్ సీట్లు ముందే ఎగిరిపోతాయి. అక్టోబరు 3 జర్మనీ జాతీయ సెలవు, ఆ ముందూ వెనకా రోజుల్లో ఐసీఈలు, అంటే జర్మనీ వేగం రైళ్లు, కిక్కిరిసి ఉంటాయి.

జ్యూరిక్‌లో_జొన్నరొట్టె
స్విస్ భాగం నేను చెప్తాను.

యూరైల్ పాస్ ఇంటర్‌లాకెన్ ఓస్ట్ వరకే. అక్కణ్ణుంచి గ్రిండెల్‌వాల్డ్, వెంగెన్, యుంగ్‌ఫ్రావ్ వెళ్లే కొండ రైళ్లు వేరే కంపెనీవి. వాటికి పాస్ చూపిస్తే 25 శాతం తగ్గిస్తారు, ఉచితం కాదు. "పాస్ ఉందిగా, పైదాకా ఫ్రీ" అనుకుని వచ్చి కౌంటర్ దగ్గర రేటు చూసి నిలబడిపోయే మనవాళ్లు ప్రతి ఎండాకాలం కనిపిస్తూనే ఉంటారు. స్విట్జర్లాండ్‌లోనే ఎక్కువ రోజులుండి పడవలూ బస్సులూ అన్నీ తిరిగేవాళ్లకి స్విస్ ట్రావెల్ పాస్ నయం. అది గ్రిండెల్‌వాల్డ్, వెంగెన్ దాకా చెల్లుతుంది. ఊళ్లలో ట్రామ్‌లు కూడా అందులోనే. యూరైల్‌లో ట్రామ్, మెట్రో ఉండవు.

కొండ మీదికి వెళ్లే రోజుని పాస్‌లో ఒక రోజుగా ఖర్చు చేయకండి. లోకల్ టికెట్ విడిగా కొనండి.

ఇంటర్‌లాకెన్ నుంచి మిలాన్‌కి రెండు మార్గాలు. స్పీట్స్‌లో మారి మిలాన్ వెళ్లే యూరోసిటీ ఎక్కొచ్చు. ఇటలీలోకి పోయే ఆ రైలుకి రిజర్వేషన్ తప్పనిసరి. అది 2007లో తెరిచిన లోట్ష్‌బర్గ్ బేస్ టన్నెల్లోంచి దూసుకుపోతుంది. దాదాపు 35 కిలోమీటర్లు చీకటి. రెండోది స్పీట్స్ నుంచి పాత కొండ దారిన పోయే రీజియో ఎక్స్‌ప్రెస్, దొమొదొస్సొలా దాకా. రిజర్వేషన్ లేదు. కాండెర్‌స్టెగ్ దాకా మెలికలు తిరుగుతూ ఎక్కి, 1913 నాటి పాత టన్నెల్ దాటాక రోన్ లోయ అంచునే బ్రిగ్‌కి దిగుతుంది. కింద ఊళ్లు అగ్గిపెట్టెల్లా కనిపిస్తాయి. ఆ దిగేటప్పుడు కుడివైపు కిటికీ దగ్గర నాన్నగారిని కూర్చోబెట్టండి. బ్రిగ్ తర్వాత 1906లో తెరిచిన సింప్లాన్ టన్నెల్, 20 కిలోమీటర్లకి కాస్త తక్కువ. అవతల ఇటలీ. దొమొదొస్సొలాలో మిలాన్‌కి ప్రాంతీయ రైలు.

గంటకి పైగానే ఎక్కువ పడుతుంది. మారడం కూడా ఒకటి ఎక్కువ. నేనైతే పాతదే ఎక్కుతాను.

బెజవాడ_జంక్షన్
ఈ పోస్టు చదివి పాత అరకు లైను గుర్తొచ్చింది. రైలు ప్రియుడైన తండ్రిని బేస్ టన్నెల్లో తీసుకెళ్లడం పాపం అని నేనూ అంటాను.

డాలస్_డైరీ
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మేం నలుగురం డాలస్ నుంచి వెళ్తున్నాం, పారిస్‌తో పాటు లండన్ కూడా. పాస్‌లో యూకే ఉంది కదా, యూరోస్టార్ ఎక్కేయొచ్చా?

స్టుట్‌గార్ట్_సీతమ్మ
పాస్ చెల్లుతుంది, రిజర్వేషన్ తప్పనిసరి, పాస్ సీట్లు పరిమితం. తేదీ ఖాయం కాగానే మొదట చేయాల్సింది ఇదే. మీవి ఇండియన్ పాస్‌పోర్టులైతే అసలు సంగతి వేరే: లండన్ షెంగెన్‌లో లేదు, యూకే వీసా విడిగా కావాలి. పారిస్ గార్ దు నోర్‌లో రైలెక్కక ముందే బ్రిటిష్ అధికారులు పాస్‌పోర్టు చూస్తారు, అక్కడే ఆపేస్తారు. షెంగెన్ కూడా సింగిల్ ఎంట్రీ అయితే లండన్ వెళ్లాక తిరిగి పారిస్ రాలేరు.

యూకే లోపలి రైళ్లలో సీటు రిజర్వేషన్ చాలావాటికి ఉచితమే.

డాలస్_డైరీ
మా ఆవిడది, నాది ఇండియన్ పాస్‌పోర్టులే. బతికించారు, ఇవాళే వీసా సంగతి చూస్తాను.

ఓరుగల్లు_పోరడు
ఇటలీల ఒకటి గుర్తుంచుకోండ్రి. మిలాన్ స్టేషన్ల ఎర్రటి వేగం రైళ్లు రెండు రకాలు నిలబడ్తయి. ఫ్రెచ్చారోస్సా సర్కారుది, పాస్ నడుస్తది. ఇతాలో ప్రైవేటుది, పాస్ నడువది. బోర్డు మీద రైలు పేరు చూసి ఎక్కాలె, రంగు చూసి కాదు. ఫ్రాన్స్‌ల విగో, జర్మనీల ఫ్లిక్స్‌ట్రెయిన్ సుత గంతే, అగ్గువ రైళ్లు, పాస్‌తోని పనిలేదు.

మిలాన్–వెనిస్‌కి ఫ్రెచ్చారోస్సా రెండున్నర గంటలు. రిజర్వేషన్ పైసలు ఇయ్యొద్దనుకుంటే వెరోనాల మారి ప్రాంతీయ రైళ్లల్ల పోవచ్చు. నడుమ పెస్కియెరాల దిగి గార్దా సరస్సు చూసి మళ్ల ఎక్కొచ్చు, పాస్ గదే దినం ఎన్ని రైళ్లయినా ఎక్కనిస్తది.

లక్ష్మీపురం_అక్క
తమ్ముడూ, నీ వయసులో సరే. ఇంటర్‌లాకెన్‌లో బయల్దేరి కొండ దారిన వచ్చి, మిలాన్ చేరేసరికే వాళ్లకి సగం రోజు అయిపోతుంది. అక్కణ్ణుంచి పెద్దాయనతో, పాపతో, పెట్టెలతో మళ్లీ రెండు ప్రాంతీయ రైళ్లా? మిలాన్–వెనిస్‌కి నలుగురికీ కలిపి ఓ యాభై యూరోలు కట్టేసి ఫ్రెచ్చారోస్సాలో కూర్చోండి. ఆదా చేయాల్సిన చోటు ఇది కాదు.

కొండాపూర్_నాన్న
అక్క మాటే. వెనిస్–వియన్నాకి రాత్రి రైలు బావుంటుందేమో అనుకుంటున్నాం. హోటల్ ఖర్చు ఒక రాత్రిది మిగులుతుంది కదా. నైట్‌జెట్ అని చూశాను.

లెక్కల_మాస్టారు
హోటల్ మిగలదు సార్. నైట్‌జెట్‌లో పాస్‌కి చెల్లేది ప్రయాణం వరకే. కుషెట్‌కి, స్లీపర్‌కి మనిషికి విడిగా కట్టాలి. రోజుని బట్టి రేటు మారుతుంది. నలుగురి బెర్తులు కలిపితే వియన్నాలో మంచి గదే వస్తుంది. కూర్చునే సీటు చౌకే, కానీ 67 ఏళ్ల మనిషిని రాత్రంతా కూర్చోబెడతారా?

పాస్ రోజుల లెక్కలో మాత్రం లాభముంది. రాత్రి రైలుకి బయల్దేరిన రోజే లెక్క. మర్నాడు దిగాక ఇంకో రైలెక్కకపోతే రెండో రోజు ఖర్చు కాదు.

లక్ష్మీపురం_అక్క
కుషెట్ అంటే మన థర్డ్ ఏసీ లాంటిదే, తలుపున్న గదిలో నాలుగు లేదా ఆరు బెర్తులు. నలుగురుంటే నాలుగు బెర్తుల గది మొత్తం మీదే అవుతుంది, అది బాగుంటుంది. పెద్దాయనకి కింది బెర్తు రాకపోతే మాత్రం ఆ నిచ్చెన సన్నగా ఉంటుందమ్మా. బుక్ చేసేటప్పుడే కింది బెర్తు ఎంచుకోండి. దొరకలేదంటే పగటి రైలే.

జ్యూరిక్‌లో_జొన్నరొట్టె
పగటి రైలే ఎక్కండి. వెనిస్–వియన్నా రైల్‌జెట్, అంటే ఆస్ట్రియా వేగం రైలు, గంటల తరబడి ఆల్ప్స్ లోంచి వస్తుంది. చివర్లో సెమ్మెరింగ్ కనుమ. 1854లో కట్టిన రైలు మార్గం, 1998 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. దాని కింద కొత్త టన్నెల్ తవ్వుతున్నారు. అది తెరిచాక వేగం రైళ్లు కిందినుంచే పోతాయి. రైళ్ల సరదా ఉన్న మనిషిని ఆ దారిన రాత్రి నిద్రపుచ్చి తీసుకెళ్తారా? సీటు రిజర్వేషన్ కొద్దిపాటి ఖర్చే, నలుగురూ ఒకచోట కూర్చోవడానికైనా చేసుకోండి.

కొండాపూర్_నాన్న
నాన్నగారికి ఇది చదివి వినిపించాను. "రాత్రి రైలు వద్దు" అని ఆర్డరేశారు. ఇక చివరిది, వియన్నా–ఫ్రాంక్‌ఫర్ట్. మా విమానం మధ్యాహ్నం. పొద్దున్నే వియన్నాలో ఎక్కితే అందుకోగలమా?

ఓరుగల్లు_పోరడు
వద్దన్నా, వద్దు. జర్మనీ రైలుని నమ్మి విమానం పెట్టుకోవద్దు.

స్టుట్‌గార్ట్_సీతమ్మ
కుర్రాడు నవ్వుతూ చెప్పినా నిజమే. 2024లో జర్మనీ దూర రైళ్లలో 62.5 శాతమే సమయానికి చేరాయి. అదీ ఆరు నిమిషాల లోపు ఆలస్యాన్ని సమయం కిందే లెక్కవేస్తే! వియన్నా నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి నేరుగా ఐసీఈ ఉంది, పాసౌ, న్యూరెంబర్గ్ మీదుగా ఆరున్నర గంటలు. ముందు రోజే వచ్చి ఎయిర్‌పోర్టు దగ్గర పడుకోండి.

ఈ రైలుకి రిజర్వేషన్ తప్పనిసరి కాదు. మీరు మాత్రం చేసుకోండి. రెండో తరగతిలో మనిషికి ఐదున్నర యూరోల ప్రాంతం. ఆరున్నర గంటలు పెద్దాయన నిలబడే ప్రమాదం ఎందుకు?

సీటు ఎలా గుర్తుపట్టాలంటే, సీటు పైన చిన్న తెర ఉంటుంది. అందులో ఊర్ల పేర్లు కనిపిస్తే ఆ రెండు ఊర్ల మధ్య అది ఎవరిదో. అంటే "న్యూరెంబర్గ్–ఫ్రాంక్‌ఫర్ట్" అని ఉంటే న్యూరెంబర్గ్ వచ్చేదాకా మీరు నిక్షేపంగా కూర్చోవచ్చు. రిజర్వ్ చేసుకున్నవాళ్లు రైలు కదిలిన 15 నిమిషాల్లోపు వచ్చి కూర్చోకపోతే ఆ సీటుమీద వాళ్లకి హక్కు పోతుంది. ఇది మీకూ వర్తిస్తుంది! ఎక్కగానే పెట్టెలు సర్దుకుంటూ, క్యాంటీన్ బోగీలో కాఫీ తాగుతూ ఆలస్యం చేయకండి.

ప్లాట్‌ఫాం మీద ఏ, బీ, సీ అని అక్షరాల బోర్డులుంటాయి. మీ బోగీ ఏ అక్షరం దగ్గర ఆగుతుందో తెర మీద చూపిస్తారు. ముందే అక్కడ నిలబడండి. కొన్ని ఐసీఈలు రెండు రైళ్లు అతికించి నడుపుతారు, మధ్యలో విడిపోయి చెరో ఊరికీ పోతాయి. బోగీ నంబరుతో పాటు తలుపు పక్కన గమ్యం కూడా చదివి ఎక్కండి.

బెజవాడ_జంక్షన్
మనవాళ్ల లింక్ ఎక్స్‌ప్రెస్‌లూ అంతే. నిద్రలో ఉండగానే బోగీలు ఇటొకటి అటొకటి అయిపోయేవి. ఆ గోలలో దిగాల్సిన ఊరు దాటిపోయినవాళ్లని ఎంతమందిని చూశానో.

జ్యూరిక్‌లో_జొన్నరొట్టె
ఇంకోటి: 2024 సెప్టెంబరు నుంచి జర్మనీ తన సరిహద్దులన్నిటి దగ్గరా తనిఖీలు మళ్లీ మొదలుపెట్టింది. పాసౌ దగ్గర పోలీసులు రైలెక్కి పాస్‌పోర్టులు అడగొచ్చు. షెంగెన్ కదా అని పాస్‌పోర్టులు పెద్ద సూట్‌కేసు అడుగున పెట్టకండి. ఎలాగూ యూరైల్ చూపించేటప్పుడు కూడా పాస్‌పోర్టు అడుగుతారు.

కొండాపూర్_నాన్న
యాప్ సంగతి కూడా ఎవరైనా చెప్పి పుణ్యం కట్టుకోండి. నాన్నగారిది బటన్ల ఫోను.

లక్ష్మీపురం_అక్క
రైల్ ప్లానర్ అనే యాప్. నాలుగు పాస్‌లూ మీ ఒక్క ఫోన్లోనే పెట్టుకోవచ్చు. బటన్ల ఫోనుతో బాధ లేదు. కాకపోతే నాన్నగారు ఒక్కరూ విడిగా ఎక్కడానికి కుదరదు. టికెట్ మీ జేబులో ఉంటుంది కదా.

రైలెక్కే ముందు ఆ రైలుని యాప్‌లో వెతికి మీ ట్రిప్‌లో చేర్చాలి. తర్వాత పక్కనున్న మీటని జరిపితే అది పాస్‌కి ఎక్కుతుంది, ఆ రోజుకి క్యూఆర్ కోడ్ తయారవుతుంది. మారే ప్రతి రైలునీ ఇలాగే చేర్చాలి. కూర్చున్నాక చేద్దాంలే అనుకుంటే, టన్నెల్లో సిగ్నల్ ఉండదు, అప్పుడే టీసీ వస్తాడు. మూడు రోజులకి ఒక్కసారైనా ఫోన్‌ని నెట్‌కి కలపాలి, లేకపోతే పాస్ చూపించనివ్వదు. ఒక చిన్న పవర్ బ్యాంకు విడిగా పెట్టుకోండి. నలుగురి టికెట్లున్న ఫోను ఆరిపోతే కష్టం.

రిజర్వేషన్ కాగితం వేరు, పాస్ క్యూఆర్ వేరు. టీజీవీలో రెండూ అడుగుతారు.

లెక్కల_మాస్టారు
సరే, ఓడిపోయాను. చివరి లెక్క కూడా నేనే వేస్తాను. నాలుగు రోజుల పాస్ ముగ్గురికి 820 యూరోల చుట్టుపక్కల. స్ట్రాస్‌బర్గ్ టీజీవీకి నలుగురికి 40 నుంచి 80. ఫ్రెచ్చారోస్సాకి 50. రైల్‌జెట్, ఐసీఈ సీట్లకి ఇంకో 40 వేసుకోండి. వెరసి 950 నుంచి 1000. వీసా త్వరగా వచ్చి టికెట్లు విడివిడిగా కొంటే ఇంతకంటే బాగా తగ్గొచ్చు. వీసా ఆలస్యమైతే ఇదే చౌక.

కాబట్టి ఐదు రోజుల పాస్ వైపు పోకండి. ఏజెంటు అదే అంటగట్టాలని చూస్తాడు.

కొండాపూర్_నాన్న
అన్నాడు మాస్టారూ! ఐదు కాదు, ఏడు రోజులదే తీసుకోమన్నాడు. మేమే నేరుగా సైట్‌లో కొంటున్నాం.

ఇలా అనుకున్నాం: పాస్ నాలుగు రోజులది, పాపది కూడా అప్పుడే చేర్చి కొంటాం, యాక్టివేట్ చేయకుండా ఉంచుతాం. వీసా స్టాంపు పడిన రోజే మొదట స్ట్రాస్‌బర్గ్ టీజీవీ సీట్లు, తర్వాత ఫ్రెచ్చారోస్సా. రైల్‌జెట్, ఐసీఈ సీట్లు వారం ముందు. యుంగ్‌ఫ్రావ్‌కి టికెట్ అక్కడే, వాతావరణం చూసుకుని.

ఒక్క సందేహం మిగిలింది. పచ్చళ్ల సీసాలు, రైస్ కుక్కర్ అన్నీ కలిసి మూడు పెద్ద సూట్‌కేసులు. బరువు తూస్తారా?

ఓరుగల్లు_పోరడు
తూచరన్నా. ఎవరి సామాను వాళ్లే ఎక్కించుకోవాలె, కూలీలు మాత్రం ఉండరు. టెర్ రైళ్లల్ల పెద్ద పెట్టెలకి జాగా తక్కువ. బాసెల్‌ల ఆ నడక ఉంది సూడు, మూడు పెట్టెలు, పాప, పెద్దాయన. రెండు పెట్టెలకి తగ్గించుండ్రి. రైస్ కుక్కర్ ఇంటికాన్నే వదిలేయుండ్రి.

లక్ష్మీపురం_అక్క
రైస్ కుక్కర్ తీసుకెళ్లండి. పారిస్‌లో మూడో రోజుకే నాన్నగారు పెరుగన్నం అడుగుతారు. తగ్గించాల్సింది బట్టలు.

కొండాపూర్_నాన్న
మా ఆవిడ అక్కకే ఓటేసింది. బట్టలు తగ్గిస్తున్నాం. వీసా రాగానే వచ్చి చెప్తాను.